కృష్ణా తీరం చేరిన రోమన్ వెండి

దేనారం రోమన్ల వెండి నాణెం. క్రీ.పూ. 211 ప్రాంతంలో రోమ్‌లో దీని ముద్రణ మొదలైంది. ఆ తరువాత నాలుగున్నర శతాబ్దాల పాటు మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న చాలా దేశాల్లో ఇదే ప్రధానమైన వెండి నాణెంగా చెల్లింది. మన పాత పావలా బిళ్లంత ఉంటుంది, కాకపోతే కాస్త మందం. అగస్టస్ చక్రవర్తి కాలంలో దీని బరువు నాలుగు గ్రాములకు కొంచెం తక్కువ, లోహం దాదాపు స్వచ్ఛమైన వెండి. ఇరవై అయిదు దేనారాలు ఒక బంగారు నాణేనికి సమానం. బైబిలు చదివే తెలుగువారికి దేనారం పేరు కొత్త కాదు. పన్ను కట్టవచ్చా అని అడిగినవారికి యేసు చూపించమన్నది ఈ నాణేన్నే. ఆ బిళ్లలే ఓడలెక్కి, బండ్లెక్కి కృష్ణా పరీవాహక ప్రాంతానికీ చేరాయి. రెండు వేల ఏళ్ల తరువాత తెలుగు నేలలో కుండలకు కుండలుగా బయటపడ్డాయి.

అవి ఇక్కడికి ఎలా వచ్చాయో తెలియాలంటే అప్పటి కృష్ణా డెల్టా ఎలా ఉండేదో చూడాలి. క్రీ.శ. ఒకటో శతాబ్దంలో ఒక గ్రీకు వర్తకుడు రాసిన ‘ఎరిత్రియన్ సముద్రపు పెరిప్లస్’ మన తీరాన్ని మసాలియా అన్నది. అక్కడ సన్నని నూలుబట్టలు విస్తారంగా తయారవుతాయని చెప్పింది. రెండో శతాబ్దపు భూగోళ శాస్త్రవేత్త టాలెమీ ఇదే ప్రాంతాన్ని మైసోలియా అని, కృష్ణానదిని మైసోలోస్ అని పిలిచాడు. ఆయన పేర్కొన్న కంటకోసిల అనే వర్తక కేంద్రం నేటి కృష్ణా జిల్లాలోని ఘంటసాల. నాగార్జునకొండ శాసనంలో అదే ఊరు కంటకసోల. ఘంటసాల శాసనాల్లో శివకుడనే మహానావికుడి ప్రస్తావన ఉంది. ఈ తీరంలోనే ఒక చోటి నుంచి సువర్ణభూమికి వెళ్లే ఓడలు ఒడ్డు వదిలి నడిసముద్రంలోకి మళ్లుతాయని కూడా టాలెమీ రాశాడు. సరుకు మన దగ్గర ఉంది, కొనేవాడు రోమ్‌లో ఉన్నాడు. రోమన్ల సరుకుల్లో మనవాళ్లు కోరుకున్నవి తక్కువ. అందువల్ల తేడా మొత్తాన్ని వారు వెండి బంగారాల్లో చెల్లించాల్సి వచ్చింది. భారతదేశం ఏటా అయిదు కోట్ల సెస్టర్స్‌లను లాగేసుకుంటోందని పెద్ద ప్లినీ వాపోయాడు. నాలుగు సెస్టర్స్‌లు ఒక దేనారం కనుక అది కోటీ పాతిక లక్షల దేనారాల మాట. ప్లినీ లెక్కను అక్షరాలా నమ్మనవసరం లేదు, విలాసాల మీద ఆయనకు సహజంగానే కోపం ఎక్కువ. కానీ ఆ కోపానికి కారణమైన వర్తకం నిజమేనని మన నేలలో దొరికిన నాణేలే చెబుతున్నాయి.

తెలుగు నేలలో దొరికిన రోమన్ వెండిలో అతిపెద్ద రాశి నల్గొండ జిల్లా అక్కెనపల్లిది. అక్కడ ఒకేచోట 1,531 దేనారాలు బయటపడ్డాయి. కరీంనగర్ ప్రాంతంలోని నస్తుల్లాపూర్‌లో దొరికింది దానికంటే చాలా చిన్న రాశి. అక్కెనపల్లి సముద్రానికి దూరంగా, కృష్ణకు ఉత్తరాన, డెల్టా నుంచి దక్కన్ లోపలికి పోయే దారుల మీద ఉంది. సరుకు ఆ దారుల్లో తీరానికి దిగితే దాని వెల వెండి రూపంలో ఎగువకు ఎక్కింది. ఒక మామూలు రైతు దాచుకోగలిగిన మొత్తం కాదది. ఒక వర్తకుడిదో, శ్రేణిదో మూలధనం అయి ఉండాలి. మన పల్లెల్లో లంకెబిందెల కథలు వినని ఊరు ఉండదు. అక్కెనపల్లిలో ఆ కథ నిజమైంది.

అక్కెనపల్లి నాణేల్లో అధికభాగం మీద కనిపించేది ఇద్దరు చక్రవర్తుల ముఖాలే: అగస్టస్, టైబీరియస్. ఒక్క తెలుగునాట మాత్రమే కాదు, దక్షిణ భారతమంతటా వెండి రాశుల్లో ఈ ఇద్దరిదే పైచేయి. అందుకే రోమన్ నాణేల మీద ఆసక్తి కలిగిన తెలుగువారు మొదట తెలుసుకోవలసింది వీరి గురించే.

అగస్టస్ క్రీ.పూ. 27 నుంచి క్రీ.శ. 14 వరకు పాలించాడు. మన దేశంలో దొరికే అతని దేనారాల్లో ఎక్కువ భాగం ఒకే రకానివి. ఫ్రాన్స్‌లో నేటి లియోన్ నగరంలో, అప్పటి లుగ్దునంలో, క్రీ.పూ. 2 తరువాత కొద్ది సంవత్సరాల పాటు ముద్రించినవి. బొమ్మ వైపు ఆకుల కిరీటం ధరించిన అగస్టస్ తల, చుట్టూ అతని బిరుదులు ఉంటాయి. చివరి బిరుదు ‘పాటర్ పాట్రియే’, అంటే జాతిపిత. బొరుసు వైపు ఇద్దరు యువకులు పక్కపక్కన నిలబడి ఉంటారు, మధ్యలో డాళ్లు, బల్లేలు. వారు గాయస్, లూసియస్. అగస్టస్ కూతురి కొడుకులు, అతను దత్తత తీసుకున్న వారసులు. రోమ్ ప్రజలకు తన తరువాతి పాలకులను పరిచయం చేయడానికి అగస్టస్ వెండి బిళ్లనే వాడుకున్నాడు. విధి మాత్రం ఒప్పుకోలేదు. క్రీ.శ. 2లో లూసియస్, క్రీ.శ. 4లో గాయస్ చనిపోయారు. వారు పోయిన తరువాత కూడా వారి బొమ్మలున్న నాణేలు సముద్రాలు దాటుతూనే ఉన్నాయి. ఈ నాణెంలో గమనించదగ్గది ఇంకొకటి ఉంది. దీన్ని ముద్రించేనాటికి అగస్టస్‌కు అరవై దాటాయి, నాణెం మీద మాత్రం ముప్పై ఏళ్ల ముఖం. ఒక్క ముడత కనిపించదు. రోమన్ నాణెం మీది ముఖాన్ని ఫొటోలా చూడకూడదు, పాలకుడు తనను ఎలా గుర్తుంచుకోవాలని కోరుకున్నాడో చెప్పే రాజకీయ ప్రకటనగా చదవాలి.

అనుకున్న వారసులు పోవడంతో సింహాసనం అగస్టస్ సవతి కొడుకు టైబీరియస్‌కు దక్కింది. అప్పటికే అతనికి యాభై దాటాయి. క్రీ.శ. 14 నుంచి 37 వరకు పాలించిన టైబీరియస్ కొత్త రకాల ముద్రల జోలికి పెద్దగా పోలేదు. బొమ్మ వైపు తన తల, బొరుసు వైపు ఒక చేత దండం, మరో చేత కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ. ఆమె చుట్టూ ‘పొంటిఫ్ మాక్సిమ్’ అన్న అక్షరాలు. అది ప్రధాన పురోహితుడన్న చక్రవర్తి బిరుదుకు సంక్షిప్త రూపం. ఆ స్త్రీ అతని తల్లి లివియా అని కొందరు, శాంతి దేవత అని మరికొందరు అంటారు. రెండు దశాబ్దాలకు పైగా ఇదే నమూనా సాగింది. యేసు చూపించమన్న దేనారం ఈ రకమే కావచ్చన్న నమ్మకం వల్ల ప్రపంచమంతటా సేకర్తలు దీన్ని వెతికి కొంటారు. నాణెం అరుదైనది కాదు, దాని గిరాకీయే అరుదైనది.

టైబీరియస్ తరువాత వచ్చిన కాలిగులా, క్లాడియస్ వెండి నాణేలు మన రాశుల్లో తక్కువ. నీరో తరువాత మరీ తగ్గిపోతాయి. ఎందుకని? క్రీ.శ. 64లో నీరో దేనారం బరువు తగ్గించాడు. అప్పటిదాకా ఒక రోమన్ పౌను వెండికి 84 నాణేలు కొట్టేవారు. నీరో వాటిని 96 చేశాడు, పైగా వెండిలో రాగి కలిపాడు. నాణెం సుమారు 3.9 గ్రాముల నుంచి 3.4 గ్రాములకు దిగింది. రోమ్ సామ్రాజ్యం లోపల ప్రభుత్వం మాట చెల్లుతుంది కనుక జనం దాన్ని తీసుకున్నారు. కృష్ణా తీరంలో ఆ మాటకు విలువ లేదు. ఇక్కడ నాణేన్ని తూచి తీసుకునేవారు, వన్నె చూసేవారు. ఈ నాణ్యత పట్టింపు ఎంతటిదో ప్లినీ చెప్పిన ఒక సంగతి తెలుపుతుంది. క్లాడియస్ కాలంలో గాలివాటుకు సింహళం చేరిన ఒక రోమన్ దగ్గరున్న దేనారాలను అక్కడి రాజు పరిశీలించాడట. వాటి మీద ముఖాలు వేర్వేరుగా ఉన్నా బరువు మాత్రం సమానంగా ఉండటం చూసి రోమన్ల నిజాయితీకి ఆశ్చర్యపోయాడట. ఆ సమానత్వం పోయిన రోజున కొత్త దేనారం మీద నమ్మకమూ పోయింది.

ఇక్కడ సేకర్తలు తరచుగా పడే పొరపాటు ఒకటుంది. కుండలో టైబీరియస్ నాణేలున్నాయి కనుక అది టైబీరియస్ కాలంలోనే మన దేశానికి వచ్చిందని తేల్చేస్తారు. అలా చెప్పడానికి వీల్లేదు. కొత్త నాణెంలో కల్తీ పెరిగాక, విదేశీ వర్తకానికి పాత మంచి నాణేలనే ఏరి పంపి ఉండవచ్చని చరిత్రకారుల్లో ఒక బలమైన వాదన ఉంది. నాణెం మీది చక్రవర్తి అది పుట్టిన తేదీ చెబుతాడు, అంతే. అది ఓడెక్కిన తేదీ, భూమిలోకి వెళ్లిన తేదీ చెప్పవలసింది పక్కనున్న నాణేలు, కుండ, మట్టిపొర.

భారతదేశంలో దొరికే రోమన్ నాణేల మీద మరోచోట అంతగా కనిపించని గుర్తులుంటాయి. కొన్నిటి మీద ఉలితో కొట్టిన గాటు చక్రవర్తి ముఖానికి అడ్డంగా పోతుంది. తమిళనాడులోని పుదుక్కోట్టైలో 1898లో దొరికిన 501 బంగారు నాణేల్లో అత్యధికం ఇలా గాటు పడ్డవే. లోపల రాగి పెట్టి పైన వెండి రేకు తొడిగిన దొంగ నాణేలు రోమన్ కాలంలోనే ఉండేవి కనుక, వాటిని పట్టుకోవడానికి గాటు పెట్టారని ఒక వివరణ. పరాయి రాజు ముఖాన్ని రద్దుచేసి, నాణేన్ని వట్టి లోహంగా మార్చడానికి అలా చేశారని మరొకటి. దాదాపు స్వచ్ఛమైన బంగారు నాణేల విషయంలో రెండో వివరణే ఎక్కువ నమ్మదగినది. వెండి నాణేల మీద సన్నని ముద్రలు కూడా కనిపిస్తాయి. చేతులు మారినప్పుడల్లా వర్తకులు తాము పరీక్షించామని వేసిన గుర్తులవి. ఇలా కొట్టే అలవాటు మనకు అంతకుముందే, గుర్తులు గుద్దిన విద్ధాంక నాణేల కాలం నుంచే ఉంది.

ఇంకా ఆసక్తికరమైనవి స్థానికంగా చేసిన అనుకరణలు. ముఖం అగస్టస్‌దో టైబీరియస్‌దో అనిపిస్తుంది. చుట్టూ ఉన్న అక్షరాలు మాత్రం ఏ భాషకూ చెందవు. లాటిన్ రాని కంసాలి అక్షరాలను బొమ్మలుగా చూసి గీసినవి అవి. మెదక్ ప్రాంతపు కొండాపూర్‌లో టైబీరియస్ నాణేన్ని చూసి చేసిన మట్టి బిళ్లలు దొరికాయి. చక్రవర్తి ముఖం మనవాళ్ల చేతుల్లో మెడలో వేసుకునే అలంకారంగా మారిపోయింది. రోమన్ బంగారు నాణేలకు రంధ్రాలు పొడిచి దండలుగా గుచ్చుకోవడమూ జరిగింది. కాసులపేరు వేసుకునే ఇళ్లకు ఆ ఆలోచన కొత్తగా తోచదు.

నీరో తరువాత వెండి తగ్గింది కానీ బంగారం రావడం ఆగలేదు. పల్నాటి వినుకొండలో దొరికిన పదిహేను బంగారు నాణేలు టైబీరియస్‌తో మొదలై కారకల్లా దాకా నడుస్తాయి. అంటే ఒక్క చిన్న రాశిలో రెండు శతాబ్దాల రోమ్ చరిత్ర ఉంది. నెల్లూరు దగ్గర 1786లో ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం తగిలింది. అక్కడ శిథిలమైన చిన్న గుడి, దాని కింద కుండ, కుండలో ట్రాజన్, హాడ్రియన్, ఫాస్టీనాల బంగారు నాణేలు. ఫాస్టీనా ఆంటోనినస్ పయస్ చక్రవర్తి భార్య. ఆమె మరణించాక భర్త ఆమెను దేవతగా ప్రకటించి నాణేలు వేయించాడు. నెల్లూరు నాణేల్లో చాలా వాటిని పాత బంగారం లెక్కన అమ్మేశారు, కరిగించేశారు. మిగిలిన వాటి గురించి రాసిన ఉత్తరం ‘ఏషియాటిక్ రిసెర్చెస్’ రెండో సంపుటంలో అచ్చయింది కనుకే ఈరోజు ఆ సంగతి మనకు తెలుసు.

రోమన్ నాణెం పేరు మన శాసనాల్లోకీ ఎక్కింది. నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు శాసనం ఒకటి, ఉజ్జయిని రాకుమార్తె అయిన మహాదేవి రుద్రధర భట్టారిక బౌద్ధ కట్టడానికి 170 ‘దీనారి మాషకాలు’ ఇచ్చినట్లు చెబుతుంది. లోహంగా మొదలైన రోమన్ నాణెం మూడో శతాబ్దానికి ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో దానాల లెక్కకు కొలమానమైంది.

మన పాలకులు ఈ కాలంలో ఏం ముద్రించారన్నది సేకర్త తప్పక అడగవలసిన ప్రశ్న. శాతవాహనుల నాణేల్లో ఎక్కువ భాగం సీసం, రాగి, పోటిన్ అనే మిశ్రలోహం. వెండి నాణేలు చాలా కొద్ది. అయితే ఆ కొద్దివాటి మీదే రాజుల ముఖాలున్నాయి: గౌతమీపుత్ర శాతకర్ణి, వాసిష్ఠీపుత్ర పుళుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి. ఒకవైపు ప్రాకృతంలో, మరోవైపు ద్రావిడ భాషలో పేరు చెక్కించారు. ఈ ముఖాల నమూనా నేరుగా రోమ్ నుంచి వచ్చింది కాదు. పశ్చిమ క్షత్రపుల నాణేల నుంచి, వారికి ఇండో గ్రీకుల నుంచి వచ్చింది. నాసిక్ దగ్గర జోగల్తంబిలో 1906లో దొరికిన పదమూడు వేలకు పైగా క్షత్రప రాజు నహపానుడి వెండి నాణేల్లో తొమ్మిది వేలకు పైబడినవాటి మీద గౌతమీపుత్రుడు తన ముద్ర వేయించాడు. ఓడిన రాజు ముఖం మీద గెలిచిన రాజు గుర్తు! శాతవాహనుల ఓడ బొమ్మ సీసపు నాణేలు కూడా కోరమాండల్ తీరంలోనే దొరుకుతాయి. రోమన్ దేనారాన్ని వీటి పక్కన పెట్టి చూస్తేనే ఆనాటి వర్తకం రెండు వైపులా కనిపిస్తుంది. చక్రవర్తుల వరుస పూర్తిచేయడమే లక్ష్యంగా పెట్టుకున్న సేకరణకు ఆ లోతు రాదు.

రోమన్ నాణేలను శాస్త్రీయంగా నమోదు చేసే పనికి కృష్ణా జిల్లాతో దగ్గరి సంబంధం ఉంది. ‘ఎ ఫర్గాటెన్ ఎంపైర్’ రచయితగా తెలుగువారికి తెలిసిన రాబర్ట్ సీవెల్ అప్పట్లో ఈ జిల్లాలోనే ఉన్న బెజవాడలో ఉద్యోగం చేశాడు. 1877లో అమరావతి స్తూపం దగ్గర తవ్వకాలు జరిపించాడు. భారతదేశంలో దొరికిన రోమన్ నాణేల జాబితాను ఊరి పేర్లతో సహా 1904లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ప్రచురించింది ఆయనే. పరమేశ్వరీలాల్ గుప్తా 1965లో ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోమన్ నాణేల మీద ప్రత్యేకంగా పుస్తకం వెలువరించాడు. 1989లో పౌలా టర్నర్ దేశం మొత్తం లెక్కను మళ్లీ సరిచూసింది. ఈ ముగ్గురి పనికీ ఆధారం ఒక్కటే: ఏ నాణెం ఏ ఊళ్లో, ఎన్నిటితో కలిసి దొరికిందన్న వివరం.

చేతిలో ఉన్న దేనారం ఎవరిదో తెలుసుకోవడం అంత కష్టం కాదు. లాటిన్‌లో ‘యు’ అక్షరాన్ని ‘వి’లా రాస్తారని గుర్తుంచుకుంటే సగం పని అయినట్లే. సీజర్, అగస్టస్ అన్నవి మొదట పేర్లు, తరువాత అందరు చక్రవర్తులకూ బిరుదులయ్యాయి. కనుక ఆ మాటలు కనిపించగానే అగస్టస్ నాణెం అనుకోకూడదు. కాన్సుల్ పదవి ఎన్నోసారి, ట్రిబ్యూన్ అధికారం ఎన్నో ఏడు అన్న అంకెలు ఉంటే నాణెం ఏ సంవత్సరానిదో కూడా తేలుతుంది. బరువు మరో సాక్షి. అగస్టస్ నాణెం మూడు గ్రాములే తూగితే అనుమానించాలి. సెప్టిమియస్ సెవెరస్ కాలానికి, అంటే క్రీ.శ. 200 నాటికి, దేనారంలో వెండి సగానికి పడిపోయింది కనుక ఆ నాణేల రంగే వేరు.

అసలు దేనారాన్ని రెండు అచ్చుల మధ్య వెండి బిళ్ల పెట్టి సుత్తితో కొట్టి చేస్తారు. అందుకే బొమ్మ ఒక పక్కకు జరిగి ఉండటం, అంచు పగలడం సహజం. నకిలీలు చాలావరకు పోత పోసినవి. వాటి మీద సూదిమొన లాంటి గుంటలు, అంచు చుట్టూ అతుకు గీత, మొద్దుబారిన అక్షరాలు కనిపిస్తాయి. నాణేన్ని చింతపండుతో, విభూదితో, టూత్‌పేస్టుతో తోమడం ఇళ్లలో వెండి సామాను తోమినట్లే అనుకుంటారు. రెండు వేల ఏళ్ల పైపొర, దానితోపాటు సన్నని ముద్రలు ఆ ఒక్క తోముడుతో పోతాయి. పీవీసీ కవర్లలో దాచినా లోహం చెడుతుంది.

చట్టం విషయంలో ఏమాత్రం సందేహానికి తావులేదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన, పది రూపాయలకు మించిన విలువ గల నిధి గురించి కలెక్టరుకు తెలియజేయాలి. చెప్పినవారికి నష్టం లేదు. నిధికి యజమాని ఎవరూ లేరని తేలితే, వేరే ఒప్పందం లేనప్పుడు మూడు వంతులు దొరికినవారికి, నాలుగో వంతు స్థలం యజమానికి చెందుతుంది. ప్రభుత్వం తీసుకోదలిస్తే లోహం విలువకు మరో అయిదో వంతు కలిపి చెల్లిస్తుంది. దాచిపెడితే మాత్రం వాటా పోవడమే కాక శిక్ష కూడా ఉంటుంది. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. దాన్ని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపకూడదు, లైసెన్సు లేకుండా వ్యాపారం చేయకూడదు. లోహం విలువకు అయిదో వంతు మాత్రమే కలపడం చాలా తక్కువ. చరిత్రను కాపాడాలంటే ఆ 1878 నాటి లెక్కను పెంచడం అవసరం.

ఈ నాణేల కథ కళ్లతో చూడాలంటే హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని రాష్ట్ర మ్యూజియం నాణేల విభాగం, చెన్నై ప్రభుత్వ మ్యూజియం చూడాలి. వాటి వెనుక ఉన్న జీవితం తెలియాలంటే విజయవాడ బందరు రోడ్డులోని బాపు మ్యూజియం, ఘంటసాల, అమరావతి, నాగార్జునకొండ మ్యూజియాలు ఉన్నాయి. చెరువు పూడిక తీసేటప్పుడో, పునాది తవ్వేటప్పుడో వెండి బిళ్లలు కనిపిస్తే వాటిని కంసాలి దగ్గరికి తీసుకుపోవద్దు, కడగవద్దు, పంచుకోవద్దు. కుండ పెంకులతో సహా ఉన్నచోటే ఫొటో తీసి, కలెక్టరు కార్యాలయానికీ పురావస్తు శాఖకూ తెలియజేయండి.